స్కాన్ చేయించాం కదా, ఇక 35 ఎంఎం నెగెటివ్ పారేయొచ్చా?

వద్దండి, దయచేసి పారేయకండి. రెండు గంటల సినిమా అంటే 1,72,800 ఫ్రేములు. 4కే, 10 బిట్ డీపీఎక్స్ ఫైళ్లుగా (ఒక్కో ఫ్రేముని నాణ్యత తగ్గించకుండా ఒక్కో బొమ్మగా దాచే ఫైళ్లు) తీస్తే ఫ్రేముకి దాదాపు 51 ఎంబీ చొప్పున 8.8 టీబీ దాకా అవుతుంది. దాన్ని ఎల్‌టీఓ టేపు (కంప్యూటర్ డేటా దాచే అయస్కాంత టేపు) మీదికి ఎక్కించినా నిశ్చింత లేదు. ఆరో తరం ఎల్‌టీఓ-6 టేపుని ఎనిమిదో తరం ఎల్‌టీఓ-8 డ్రైవు చదవనే చదవదు. కొన్నేళ్లకోసారి కొత్త టేపులోకి మార్చి, చెక్‌సమ్ (ఫైలు చెడిందో లేదో పట్టిచ్చే సంఖ్య) సరిచూస్తూ ఉండాల్సిందే. నెగెటివ్ అడిగేది చల్లదనం, పొడిగాలి, అంతే.

ఇంకా స్కాన్ చేయించాల్సిన రీళ్లుంటే, ముందు డబ్బా మూత తీసి చూడండి. వెనిగర్ వాసన గుప్పుమంటే అసిటేట్ బేస్ (ఫిల్ముకి ఆధారంగా ఉండే ప్లాస్టిక్ పొర) కుళ్లుతోందని అర్థం. ఆ ఆమ్లమే మళ్లీ కుళ్లుని పెంచుతుంది కాబట్టి ఆ రీలుని మంచి రీళ్ల పక్కన ఉంచకండి. ఏ-డీ స్ట్రిప్ (ఆమ్లం తగిలితే రంగు మారే కాగితం ముక్క) ఒకటి లోపల పెట్టి, మూత మూసి, గది వేడిలో ఒక రోజు వదిలేయండి. నీలంగానే ఉంటే ఫర్వాలేదు. ఆకుపచ్చకి తిరిగితే స్కాన్ వాయిదా వేయొద్దు. పసుపైతే వెంటనే ఫ్రీజర్‌లో పెట్టించాలి.

తర్వాత కొత్త ఫిల్ము పక్కన పరిచి పక్క రంధ్రాలు 100 లెక్కపెట్టండి. పాతది ఒక్క రంధ్రమంత పొట్టిగా ఉంటే 1 శాతం కుంచించుకుపోయినట్టే. అలాంటిదాన్ని పళ్లచక్రాల యంత్రంలో ఎక్కిస్తే రంధ్రాలు చిరుగుతాయి. రోలర్ల మీద నడిచే స్కానరే కావాలని పట్టుబట్టండి. బేస్ వైపు గీతలుంటే వెట్ గేట్, అంటే ఫిల్ముని ద్రవంలో తడిపి స్కాన్ చేసే పద్ధతి, అడగండి. ద్రవం గీతలో నిండి దాన్ని కనపడకుండా చేస్తుంది. బొమ్మ ఉండే పొర, అంటే ఎమల్షనే గీసుకుపోయి ఉంటే మాత్రం అది పనిచేయదు.

నాకు అసలు బాధ ఆటోమేటిక్ క్లీనింగ్‌తో. ముందు ఫ్రేములోనూ, తర్వాతి ఫ్రేములోనూ లేనిది ఏదైనా సాఫ్ట్‌వేర్ కంటికి దుమ్మే. వానచినుకు ఒకే ఫ్రేములో మెరిసి పోతుంది, దాన్నీ తుడిచేస్తుంది. నిప్పురవ్వలు, పగిలిన గాజుముక్కలు కూడా అంతే. పైన గ్రెయిన్ (ఫిల్ము బొమ్మలో సహజంగా కనిపించే సన్నని రేణువులు) కూడా తీసేస్తే మొహాలు మైనపు బొమ్మల్లా నున్నగా తయారవుతాయి. చూసేవాళ్లు దాన్నే "క్లారిటీ" అని మెచ్చుకుంటున్నారు, అది నాకు మింగుడుపడదు. వాన సీన్లు, మంటల సీన్లు మనిషి కూర్చుని ఫ్రేము ఫ్రేముకీ చూసి చేయాల్సిన పని.

ల్యాబ్‌వాళ్లు ఎంపీ4 చేతిలో పెడితే ఒప్పుకోకండి. ఏమాత్రం క్లీన్ చేయని అసలు డీపీఎక్స్‌లు చెక్‌సమ్ జాబితాతో సహా తీసుకుని, రెండు టేపులకి ఎక్కించి, వేర్వేరు చోట్ల దాచండి.