ఎత్తంటే భయం లేదు, ఒక్కసారిగా పడిపోవడమే పడదు: అలాంటివారికి థీమ్ పార్కులో ఏ రైడ్లు ఎంచుకోవాలి?

మీ వదినగారికి ఎత్తంటే భయం లేదనీ, కొండమీది గుడికి వెళ్లినా పిట్టగోడ దగ్గర నిలబడి తీరిగ్గా కిందికి చూస్తారనీ, కానీ ఒక్కసారిగా కిందికి జారవిడిచే రైడ్ ఎక్కితే మాత్రం ఆ పూటంతా కోలుకోలేరనీ రాశారు. వేసవి సెలవుల్లో ఒంగోలు నుంచి పిల్లలతో కలిసి థీమ్ పార్కుకు వెళ్తున్నాము, ఆమెను ఏవి ఎక్కించవచ్చు, ఏవి వద్దు అని అడిగారు. నేను కావలిలో ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా అక్కకూ నాకూ చిన్నప్పటినుంచి సరిగ్గా ఇదే ఇబ్బంది ఉంది కనుక, మేము పడిన పాట్లనుంచి తెలుసుకున్నది వివరంగా రాస్తున్నాను.

నాకు పదకొండేళ్లప్పుడు మా మేనమామ నెల్లూరు రొట్టెల పండుగకు తీసుకువెళ్లారు. బారాషహీద్ దర్గాలో దర్శనం చేసుకుని, స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకునేవారిని కాసేపు చూసి, ఆ తర్వాత జెయింట్ వీల్ ఎక్కాము. మొదటిసారి పైకి వెళ్తున్నప్పుడు నాకు ఏ భయమూ కలగలేదు, చెరువు నీళ్లలో కదులుతున్న దీపాల వెలుగును మామకు చూపిస్తూనే ఉన్నాను. చక్రం పైకొసకు చేరి దిగడం మొదలుపెట్టగానే కడుపులో ఉన్నదంతా గొంతులోకి వచ్చినట్టయింది. ఆ తర్వాత నేను చూసిందల్లా మా ముందున్న ఇనుప కడ్డీనే. అందరి అరచేతుల రాపిడికీ పచ్చరంగు పోయి, జానెడు మేర అది నున్నగా మెరుస్తూ ఉండేది. "ఏం కాదబ్బయా, కళ్లు మూసుకో" అన్నారు మామ. కళ్లు మూసుకుంటే తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది.

ఆ రోజు నాకు ఎత్తంటే భయమని ఇంట్లో అందరూ నిర్ణయించారు, నేనూ చాలా ఏళ్లు అదే నమ్మాను. అది నిజం కాదని పాఠం చెప్పడం మొదలుపెట్టాకే తెలిసింది. మన బరువు మనకు తెలిసేది కింద ఉన్న సీటు మనల్ని పైకి నెడుతూ ఉండటం వల్లనే. ఆ సీటు మనతోపాటు కిందికి జారిపోతున్నప్పుడు ఆ నెట్టుడు తగ్గిపోతుంది, దానితో బరువు కూడా తగ్గినట్టు శరీరానికి అనిపిస్తుంది. పొట్టలోని అవయవాలు కూడా ఎప్పుడూ ఉండే ఒత్తిడి లేక తేలినట్టవుతాయి, లోపలి చెవిలో కదలికను పసిగట్టే భాగం "పడిపోతున్నావు" అని మెదడుకు కబురు పంపుతుంది. కొందరికి ఇదే ఆనందం, మీ వదినగారికీ నాకూ ఇదే నరకం. ఇందులో ధైర్యానికీ పిరికితనానికీ సంబంధించినది ఏమీ లేదు.

కాబట్టి రైడ్ ఎంత ఎత్తుకు వెళ్తుంది అన్న ప్రశ్న మనకు పనికిరాదు, ఎక్కడ ఎంత బరువు తగ్గిస్తుంది అన్నదే చూడాలి. లండన్‌లో 2000 సంవత్సరంలో మొదలైన లండన్ ఐ అనే చక్రం 135 మీటర్ల ఎత్తు ఉంటుంది, కానీ అది ఒక చుట్టు తిరగడానికి అరగంట పడుతుంది కనుక అందులో ఈ జారుడు తెలియనే తెలియదు. మన తిరునాళ్లలో వేసే జెయింట్ వీల్ దానితో పోలిస్తే బొమ్మలాంటిది. అయినా 7 మీటర్ల వ్యాసార్ధం ఉన్న చక్రాన్ని నిమిషానికి 8 చుట్ల వేగంతో తిప్పితే, పైకొసలో మన బరువు దాదాపు సగానికి తగ్గినట్టవుతుంది. మా మామ నన్ను ఎక్కించిన చక్రం కూడా అలా వేగంగా తిరిగినదే. అందుచేత పార్కులో జెయింట్ వీల్ కనిపిస్తే పేరు చూసి సరేనని అనవద్దు, వాచీ పట్టుకుని ఒక చుట్టుకు ఎంతసేపు పడుతోందో లెక్కించండి. నిదానంగా తిరిగే పెద్ద చక్రంలో ఆమె హాయిగా కూర్చుంటారు, గబగబా తిరిగే చిన్నదానిలో బాధపడతారు.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మే పరీక్ష ఒకటుంది. ఏ రైడ్ ఎక్కేముందైనా కంచె దగ్గర నిలబడి అది మొదటినుంచి చివరివరకు ఒకసారి నడవడం చూడండి, చూసేటప్పుడు ఎక్కినవారి ముఖాలను కాకుండా జడలనూ, కాళ్లనూ చూడండి. అరుపులను బట్టి ఏమీ తెలియదు, ఎందుకంటే పిల్లలు రంగులరాట్నం మీద కూడా అరుస్తారు. గుండ్రంగా తిరిగే రైడ్‌లో జడ పక్కకు చాచుకుంటుంది, ముందుకు దూసుకువెళ్లే రైడ్‌లో వెనక్కి ఎగురుతుంది. జడ నిటారుగా పైకి లేచినా, ఆనించి ఉన్న పాదాలు వాటంతట అవే పైకి తేలినా అక్కడ బరువు తగ్గిందని అర్థం. అలా ఎన్నిసార్లు జరుగుతోందో, ఎంతసేపు ఉంటోందో లెక్కపెట్టి మీ వదినగారికి చెప్పండి. ఇంకా మంచిది ఆమెనే పక్కన నిలబెట్టుకుని చూపించడం. ఒక్కసారి, అదీ రెప్పపాటు మాత్రమే అయితే ఆమె సరేననవచ్చు. ఆ నిర్ణయం మాత్రం ఆమెదే కావాలి.

ఈ పరీక్షలో మొదటే తప్పిపోయేవి మూడున్నాయి. టవర్ మీదికి తీసుకువెళ్లి వదిలేసేది మొదటిది. అడ్డేమీ లేకుండా రెండు సెకన్లు పడితే సుమారు 20 మీటర్లు కిందికి వస్తాము, అప్పటికి వేగం గంటకు 70 కిలోమీటర్లకు చేరుతుంది. పైన కొన్ని క్షణాలు ఆపి ఉంచడం ఆ బాధకు అదనం. రెండోది ఓడ ఆకారంలో ఊగే కొలంబస్. తిరునాళ్లలో అందరూ ఎక్కుతారు కదా అని దీనిని తేలికగా తీసుకుంటారు కానీ, ఊపు పెరిగాక రెండు చివరల్లోనూ బరువు బాగా తగ్గిపోతుంది, అదీ ఒకసారి కాదు, ఆగేవరకూ ప్రతి ఊపులోనూ జరుగుతుంది. పిల్లలు పట్టుబడితే సరిగ్గా మధ్య వరుసలో కూర్చుంటే కొంత నయం, అంతకుమించి ఆశించవద్దు. మూడోది పెద్ద రోలర్ కోస్టర్. దీనికి ప్రయాణమంతటికీ కావలసిన శక్తి సాధారణంగా మొదటి ఎత్తునుంచి జారడంలోనే వస్తుంది కనుక, ఆ మొదటి జారుడే అన్నిటికన్నా పెద్దది. తలకిందులు చేసే వలయాల గురించే అందరూ భయపడతారు కానీ, నిజానికి వలయంలోకి దూసుకువెళ్లేటప్పుడు మనం సీటుకు గట్టిగా అదిమినట్టుంటాము, మనలాంటివారికి కష్టం దానికి ముందున్న దిగుడులోనే ఉంటుంది. పిల్లల కోసం వేసే చిన్న కోస్టర్ అయితే మధ్య పెట్టెల్లో కూర్చోవచ్చు. చివరి పెట్టెలో మాత్రం వద్దు, ముందున్న పెట్టెలు అప్పటికే దిగడం మొదలుపెట్టి దాన్ని శిఖరం మీదుగా విసురుగా లాగేస్తాయి.

నీళ్ల రైడ్ల విషయంలో నిటారుగా దిగే జారుబల్లలను, కాళ్ల కింద తలుపు తెరుచుకుని పడేసే గొట్టాలను వదిలేయండి. గాలి నింపిన ట్యూబులో కూర్చుని మెలికలు తిరుగుతూ దిగేది మాత్రం ఎంత పొడవున్నా చాలావరకు ఇబ్బంది పెట్టదు, ఎందుకంటే మొత్తం ఎత్తు ఆ మెలికలన్నిటికీ పంచబడుతుంది. అలల కొలను, మెల్లగా పారే కాలువ గురించి చెప్పవలసినదేమీ లేదు. దుంగ ఆకారపు పడవలో వెళ్లేది చివరలో ఒక్క పెద్ద జారుడుతో ముగుస్తుంది, ఆ ఒక్కటీ బయటనుంచి స్పష్టంగా కనిపిస్తుంది కనుక జడ పరీక్ష అక్కడ బాగా పనిచేస్తుంది.

బయటనుంచి కనిపించని రైడ్లే అసలు ప్రమాదం. నాలుగేళ్ల కిందట మా అక్క కుటుంబంతో కలిసి ఒక పార్కుకు వెళ్లినప్పుడు, నాలుగు గోడల మధ్య చీకట్లో నడిచే చిన్న రైలు ఒకటి కనిపించింది. ద్వారం దగ్గరున్న అబ్బాయిని "భయంగా ఉంటుందా?" అని అడిగితే "ఏమీ ఉండదు సార్, ఫ్యామిలీ రైడ్" అన్నాడు. సగం దూరం వెళ్లాక పట్టాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. పడింది మహా అయితే ఇంటి మేడంత ఎత్తు, కానీ చీకట్లో, చెప్పకుండా. మా అక్క కేక కూడా వేయలేదు, నా మణికట్టు పట్టుకుంది, బయటికి వచ్చాక చూస్తే ఆమె గాజుల అచ్చులు నా చేతిమీద ఎర్రగా పడి ఉన్నాయి. ఆ తర్వాత రెండు గంటలు చెట్టుకింద బల్లమీద కూర్చుండిపోయింది, మధ్యాహ్నం భోజనం ముట్టలేదు. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. నేనే ప్రశ్నను తప్పుగా అడిగాను, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది. అప్పటినుంచి భయం మాట ఎత్తను. "ఎక్కడైనా ఒక్కసారిగా కిందికి పడుతుందా? ఎన్నిసార్లు? బయటనుంచి కనిపిస్తుందా?" అని ఈ మూడే అడుగుతాను. ఇలా విడమరచి అడిగితే అక్కడ పనిచేసేవారు దాదాపు ఎప్పుడూ సరైన సమాధానమే చెబుతారు.

తెర ముందు సీట్లు కదిలే సినిమా రైడ్ల సంగతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ సీటు కదిలేది కొద్దిపాటే, లోయలో పడిపోతున్నట్టు చూపించేది బొమ్మ మాత్రమే. కనుక తట్టుకోలేనప్పుడు కళ్లు మూసుకుంటే చాలు. జెయింట్ వీల్ మీద మా మామ ఇచ్చిన సలహా ఇక్కడైతే సరిగ్గా సరిపోయేది. గుండ్రంగా తిరిగే రైడ్లలో జారుడు లేకపోయినా కళ్లు తిరగడం, వికారం ఉంటాయి. ఆమెకు బస్సు ప్రయాణం పడకపోతే వాటిని కూడా తగ్గించండి, పడితే భోజనానికి ముందే ముగించండి. డ్యాషింగ్ కార్లు ఆమెకు తప్పక నచ్చుతాయి, స్టీరింగ్ తన చేతిలో ఉండటం ఇలాంటివారికి ఎంతో ఊరట. గుండె జబ్బు, మెడ లేదా నడుము నొప్పి, గర్భం ఉన్నవారు ఎక్కకూడదని బోర్డు పెట్టిన రైడ్‌కు మాత్రం జడ పరీక్ష కూడా అవసరం లేదు, ఆ బోర్డు మాటే చివరి మాట.

ఏ పార్కుకు వెళ్లాలన్నది మీరు ఇంకా తేల్చుకోలేదన్నారు. హైదరాబాద్ వైపు అయితే రావిర్యాలలో 2016లో ప్రారంభమైన వండర్‌లా ఉంది. అక్కడి రీకాయిల్ అనే కోస్టర్ ముందుకు తీసుకువెళ్లి, మళ్లీ అదే దారిలో వెనక్కి తెస్తుంది, అంటే ఎత్తునుంచి జారడం రెండు వైపులా ఉంటుంది కనుక అది పిల్లలకు వదిలేయండి. మిగిలిన నీళ్ల భాగంలోనే ఆమెకు సగం రోజు గడిచిపోతుంది. రామోజీ ఫిల్మ్ సిటీలో రోజులో ఎక్కువ భాగం బస్సులో తిరిగి సెట్టింగులు చూడటమే కాబట్టి, రైడ్లు అసలే వద్దనుకుంటే అదే మేలు. ఒంగోలునుంచీ, మా కావలినుంచీ ప్రయాణం తేలికైనది మాత్రం చెన్నై, పినాకిని ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే రెండు ఊళ్లవారికీ సరిపోతుంది. అక్కడ ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వీజీపీ, ముట్టుకాడు దగ్గర ఎంజీఎం ఎప్పటినుంచో ఉన్నాయి.

ఇంకొక్క విషయం గట్టిగా చెప్పాలి. "ఒక్కసారి ఎక్కితే భయం అదే పోతుంది, రండి" అని చెయ్యి పట్టి లాగే బంధువు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. ఆమెను అలా లాగనివ్వకండి. ఎక్కించి దించాక ఆమె నవ్వినా అది మీ కోసం నవ్విన నవ్వే అయివుంటుంది. టికెట్టు డబ్బు వృథా అవుతుందని కూడా అనుకోవద్దు. చాలా పార్కుల్లో లోపలికి వెళ్లడానికి కొన్న టికెట్టుతోనే రైడ్లన్నీ ఎక్కవచ్చు, నాలుగు వదిలేసి ఇష్టమైనది నాలుగుసార్లు ఎక్కితే లెక్క సరిపోతుంది. పిల్లలు కోస్టర్ వరుసలో నిలబడినప్పుడు ఆమెను కింద ఒంటరిగా బ్యాగులకు కాపలా పెట్టకుండా, పెద్దవాళ్లలో ఒకరు ఆమెతోపాటు ఇంకో రైడ్‌కు వెళ్లేలా ముందే అనుకోండి. చీర కన్నా పంజాబీ డ్రెస్ మేలు, చున్నీ మాత్రం రెండువైపులా ముడివేసుకోమనండి.

ఉదయం వెళ్లగానే ఆమెను మొదట ఎక్కించవలసింది, గొలుసులకు వేలాడే కుర్చీలు గొడుగులా విచ్చుకుని గుండ్రంగా తిరిగే రైడ్. ఎత్తు ఉంటుంది, గాలి ఉంటుంది, ఊరంతా కనిపిస్తుంది, కుర్చీ మాత్రం ఎక్కడా చేజారిపోదు, పైగా తిరిగేకొద్దీ మనల్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నట్టుంటుంది. చెట్టుకింద బల్లమీదనుంచి లేవనన్న మా అక్కను ఆ సాయంత్రం దీని దగ్గరికి తీసుకువెళ్లి, కంచె పక్కన నిలబెట్టి, ఎవరి జడా పైకి లేవడం లేదని చూపించాను. రెండు చుట్లు పూర్తిగా చూసి, చెప్పులు విడిచి, చున్నీ ముడివేసుకుని తనే వెళ్లి కూర్చుంది. దిగాక నాతో ఏమీ మాట్లాడకుండా మళ్లీ వరుసలో నిలబడింది. మూడోసారికి మా మేనల్లుడు వచ్చి ఆకలేస్తోందని కొంగు లాగినట్టు ఆమె చున్నీ లాగాడు, "ఇదొక్కటి అయ్యాక వస్తా, మామయ్యను అడుగు" అంది.