‘షుడ్ హావ్’కీ ‘మస్ట్ హావ్’కీ తేడా ఎలా గుర్తుపెట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: టెన్స్‌లు విడిగా వచ్చు, కెన్, కుడ్, షుడ్, మస్ట్ విడిగా వచ్చు, రెండూ ఒకే వాక్యంలో కలిస్తే మాత్రం తడబాటు. ముఖ్యంగా జరిగిపోయినదాని గురించి చెప్పేటప్పుడు. పట్టికలు బట్టీ పట్టినా నిలవట్లేదంటున్నారు.

నేనూ ఆ పట్టికలు బట్టీ పట్టినవాణ్ణే. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. హైదరాబాదులో సపోర్ట్ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ రాత్రి షిఫ్టులో క్లయింటు సర్వరు పడిపోయింది. నిన్నటి బ్యాకప్ ఉందా అని అటునుంచి మెయిలు. బ్యాకప్ చూసేది వేరే టీము. వాళ్లు రోజూ తీస్తారు కదా, నిన్న కూడా తీసే ఉంటారని నా మనసులో మాట. రాసిందేమో ‘దే షుడ్ హావ్ టేకెన్ ద బ్యాకప్’ అని. పది నిమిషాల్లో ఆ టీము లీడు నా కుర్చీ వెనక నిలబడ్డాడు. “మేం తీయలేదని నీకెవరు చెప్పారు బాబూ?”

నేను ‘తీసే ఉంటారు’ అనుకుని రాశాను, ఆయన ‘తీయాల్సింది’ అని చదువుకున్నాడు. ఒకదాంట్లో నమ్మకం, రెండోదాంట్లో నింద. నిజానికి ‘ఈపాటికి రైలు కదిలిపోయుండాలే’ అన్న అర్థంలోనూ షుడ్ హావ్ వాడతారు, కాబట్టి నాది వ్యాకరణ దోషమని గట్టిగా అనలేం. కానీ సర్వరు పడిపోయిన రాత్రి దాన్ని అంత తీరిగ్గా చదివేదెవరు? ‘మస్ట్ హావ్ టేకెన్’ అని రాసుంటే గొడవే లేదు.

ఆ రాత్రి తర్వాత పట్టికలు పక్కనపెట్టి తెలుగు క్రియల చివర్లు చూడటం మొదలుపెట్టాను. ‘వెళ్లు’ ఒక్కటి తీసుకోండి. ‘వెళ్లాల్సింది’ అన్నామంటే వెళ్లలేదు, అది బాగాలేదు: షుడ్ హావ్ గాన్. ‘వెళ్లే ఉంటాడు’ అంటే మనం చూడలేదు, అయినా గట్టి నమ్మకం: మస్ట్ హావ్ గాన్. ‘వెళ్లి ఉండొచ్చు’లో ఆ నమ్మకం సగమే: మే హావ్ గాన్, లేదా మైట్ హావ్ గాన్. ‘వెళ్లాల్సి వచ్చింది’ అంటే ఇష్టమున్నా లేకపోయినా వెళ్లాడు: హాడ్ టు గో. ఇక మా అమ్మ అన్నట్టు “ఒక్క ఫోన్ చేసుండొచ్చుగా!” అంటే కుడ్ హావ్ కాల్డ్. ఆ చివరి ‘గా’లో ఎంత నిష్ఠూరం ఉందో ఆ కుడ్‌లోనూ అంతే ఉంటుంది. ఈ తేడాలన్నీ మనకి పుట్టినప్పటినుంచీ తెలుసు. ముందు తెలుగులో ఏ చివర వస్తుందో చూసుకుని, తర్వాత ఇంగ్లీషుకి వెళితే సగం తప్పులు రావు.

ఇంగ్లీషు వైపు పట్టుకోవాల్సిన కీలకం ఒకటే. మోడల్ (కెన్, కుడ్, షుడ్, మస్ట్ లాంటి సహాయక క్రియ) పక్కన వచ్చే క్రియకి టెన్స్ అంటదు. అందుకే ‘కుడ్ వెంట్’, ‘మస్ట్ టుక్’ కుదరవు. గతం చెప్పాలంటే మధ్యలో ‘హావ్’ పెట్టి మూడో రూపం వేస్తాం. చేసేది ‘షీ’ అయినా ‘హీ’ అయినా అక్కడ ‘హావ్’ అలాగే ఉంటుంది, ‘హాస్’ అవ్వదు. తప్పనిసరిగా చేయాల్సి వచ్చిన పనికి మాత్రం మస్ట్‌కి సొంత భూతకాలం లేదు, ‘హాడ్ టు’ని అరువు తెచ్చుకోవాలి. (తమాషా ఏంటంటే మస్ట్ ఒకప్పుడు మరో పాత క్రియకి భూతకాల రూపం. ఆ అసలు క్రియ పోయింది, ఇది మిగిలింది.)

తెలుగు దారి తప్పించే చోట్లూ ఉన్నాయి. ‘రోజూ ఆరింటికి లేస్తాను’, ‘రేపు ఆరింటికి లేస్తాను’ రెంటికీ మనకి ఒకటే రూపం. అందుకే మనవాళ్లు రోజువారీ అలవాటుకి కూడా ‘ఐ విల్ గెట్ అప్’ అంటారు. అలవాటైతే విల్ తీసేయండి. అలాగే ‘వస్తానన్నాడు’లో వాడి మాట వాడి నోటితోనే ఉండిపోతుంది, ఇంగ్లీషులో మాత్రం అది ‘హీ సెడ్ హీ వుడ్ కమ్’ అవుతుంది. ఇక ‘నిన్న ఎట్టకేలకు టికెట్ తీయగలిగాను’ అన్నప్పుడు కుడ్ వాడకండి. ఒక్కసారి సాధించిన పనికి ‘వాజ్ ఏబుల్ టు’. అదే ‘తీయలేకపోయాను’ అయితే ‘కుడ్ నాట్’ నిక్షేపంగా సరిపోతుంది. ఇది ఎందుకిలా అని నేనూ చాలాకాలం తిట్టుకున్నాను.

‘చెప్పేవాడు’, ‘ఉండేవి’ లాంటివాటి దగ్గర ఇంకో మెలిక. ‘తాత రోజూ కథ చెప్పేవాడు’కి వుడ్ పెట్టొచ్చు, యూజ్డ్ టు పెట్టొచ్చు. ‘మాకు రెండు గేదెలుండేవి’కి యూజ్డ్ టు ఒక్కటే. కథ చెప్పడం మళ్లీమళ్లీ చేసే పని, గేదెలుండటం అలా కాదు.

‘చేయకూడదు’కి మస్ట్ నాట్, ‘చేయక్కర్లేదు’కి నీడ్ నాట్. ఇవి తారుమారైతే అవతలివాళ్లు అనవసరంగా కంగారుపడతారు, మెయిలు పంపేముందు మరోసారి చూసుకోండి. ‘కెన్ ఏబుల్ టు’ గురించి వేరే చెప్పను, రెండిట్లో ఒకటి చాలు.

షల్ నేర్చుకోవాలా అని కూడా అడిగారు. ఒక్కచోట నేర్చుకుంటే చాలు. “తలుపు వేయనా?”, “నేను కూడా రానా?” అని అడుగుతాం చూడండి, ఆ ‘నా’ వచ్చినచోటల్లా ‘షల్ ఐ’ పెట్టేయండి.