‘ఉన్నట్టే’ అనే ముందు

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి హాయిగా, రెండోసారి చేతిలో పెన్సిలుతో. పెన్సిలు మూడో పేరాలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది: ‘రక్తంలో యాంటీబాడీలు కనిపిస్తే మీ కడుపులో హెలికోబ్యాక్టర్ పైలోరీ ఉన్నట్టే.’

తప్పంతా ఆ ‘ఉన్నట్టే’లో ఉంది. ఆ రక్తపరీక్ష కడుపులో పుండ్లు తెచ్చే ఈ బ్యాక్టీరియాను వెతకదు. దాన్ని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న ప్రోటీన్లను, ముఖ్యంగా ఐజీజీ రకం యాంటీబాడీలను వెతుకుతుంది. మందులతో బ్యాక్టీరియా పూర్తిగా పోయాక కూడా అవి నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి రక్తంలో మిగిలి ఉంటాయి. అందుకని పాజిటివ్ అంటే ‘ఉంది’ కావచ్చు, ‘ఒకప్పుడు ఉండేది’ కావచ్చు. ఏదన్నది ఆ కాగితం చెప్పలేదు. ఇక కొత్తగా సోకినవారిలో యాంటీబాడీలు తయారుకావడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి, అప్పుడు వచ్చే నెగెటివ్‌ను కూడా నమ్మలేం.

ఈ పొరపాటు నేనూ చేశాను. చికిత్స అయ్యాక మళ్లీ రక్తపరీక్ష చేయించుకోండని చాలా ఏళ్ల కిందట రాశాను. ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. యాంటీబయాటిక్ కోర్సు పూర్తిచేశాడు, మూడుసార్లు పరీక్ష చేయించుకున్నాడు, మూడుసార్లూ పాజిటివే. ‘ఈ పురుగు నన్ను వదలదా?’ అని అడిగాడు. బహుశా ఎప్పుడో వదిలేసి ఉంటుంది. వదలనిది నా వాక్యం. మందులు ఆపిన నాలుగు వారాల తర్వాత శ్వాస పరీక్షో, మలంలో బ్యాక్టీరియా ప్రోటీన్లను వెతికే యాంటిజెన్ పరీక్షో చేయించుకోమని రాయాల్సింది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

యాంటీబాడీలను ‘కాపలా సైనికులు’ అన్నావు. ముచ్చటగా ఉంది, అయినా కొట్టెయ్యి. సైనికులు కనబడితే యుద్ధం నడుస్తోందనే కదా చదువరి అనుకునేది? ఆ స్థలంలో శ్వాస పరీక్ష ఎలా జరుగుతుందో చెప్పు, ఏ ఉపమానమూ అక్కర్లేదు. తర్వాత గుర్తుపట్టగలిగే ప్రత్యేక రకం కార్బన్ ఉన్న యూరియాను మింగిస్తారు. ఈ బ్యాక్టీరియా దగ్గర యూరియేజ్ అనే ఎంజైము ఉంది. ఆమ్లంలో బతకడానికి అదే దాని ఆయుధం. అది యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. ఆ కార్బన్ డయాక్సైడ్ రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరి, ఊదిన గాలిలో దొరికిపోతుంది. ఇదంతా జరగాలంటే బ్యాక్టీరియా ఇప్పుడు, అక్కడ, బతికి ఉండాలి. రక్తపరీక్షకు లేనిది ఆ ‘ఇప్పుడు’.

అలాగని రక్తపరీక్షను తిట్టిపోయకు. ఆమ్లం తగ్గించే మందులు వాడుతుంటే బ్యాక్టీరియా సంఖ్య పడిపోయి శ్వాస, మల పరీక్షల్లో తప్పుగా నెగెటివ్ రావచ్చు. అందుకే వాటికి ముందు ఆ మందులను రెండు వారాలు, యాంటీబయాటిక్‌లను నాలుగు వారాలు ఆపమంటారు, అదీ వైద్యుల సలహాతోనే. రక్తపరీక్షకు ఈ ఇబ్బంది లేదు. కడుపులో పుండు నుంచి రక్తం కారుతున్నప్పుడు కూడా అది కొంత ఆసరా.

రక్తపరీక్ష ‘తొంభై శాతం కచ్చితం’ అన్న నీ మాట మరీ ప్రమాదం. కూర్చుని లెక్క వేసి చూడు. వందమందిలో పదిమందికే ఇన్ఫెక్షన్ ఉందనుకుందాం. పరీక్ష ఉన్నవాళ్లలో 90 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 80 శాతానికి లేదని చెబుతుంది అనుకుందాం. పదిమందిలో తొమ్మిదిమంది దొరుకుతారు. లేని తొంభైమందిలో పద్ధెనిమిదిమందికి ఉత్తినే పాజిటివ్ వస్తుంది. మొత్తం ఇరవై ఏడు పాజిటివ్‌లలో నిజమైనవి తొమ్మిది! అదే పరీక్షను వందలో అరవైమందికి ఇన్ఫెక్షన్ ఉన్నచోట చేస్తే యాభై నాలుగు నిజం, ఎనిమిది అబద్ధం. పరీక్ష మారలేదు, మనుషులు మారారు. ఈ లెక్క నీ వ్యాసంలో పెట్టు, కచ్చితత్వం అన్న మాట తీసెయ్యి.

ఈ బ్యాక్టీరియాను కనిపెట్టిన ఇద్దరిలో ఒకరైన బ్యారీ మార్షల్ కథతో మొదలుపెట్టడం బాగుంది. 1984లో ఆయన ఆ బ్యాక్టీరియా ద్రావణాన్ని తాగిన మాట నిజమే. కానీ ‘ఆయనకు అల్సర్ వచ్చింది’ అని రాశావు. రాలేదు. జీర్ణాశయపు లోపలి పొర వాచింది, అంతే. రెండో ఆయన రాబిన్ వారెన్‌తో కలిసి 2005లో నోబెల్ అందుకున్నాడు, ఆ వాక్యం ఉంచు. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల బ్యాక్టీరియాను పెంచే ప్లేట్లు మామూలు కంటే ఎక్కువ రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోవడం, అప్పుడు బ్యాక్టీరియా పెరిగి కనిపించడం నువ్వు వదిలేశావు. నాకైతే తాగిన కథ కంటే అదే ఇష్టం.

శీర్షిక ‘ఒక్క రక్తపు చుక్కతో కడుపు గుట్టు రట్టు’ నీకు ఎంత ఇష్టమో తెలుసు. రెండో ప్రతిలో అది కనబడకపోతే మిగతా మార్పులు నేను అడగకుండానే చేశావని అర్థం చేసుకుంటాను. వచ్చే వారంలోగా పంపు.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య