నవల రాయబోతున్న మేనకోడలికి

చి॥ల॥సౌ॥ మేనకోడలికి, నీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

1930 నాటి అమలాపురాన్నీ, యానాంలో గుట్టుగా జరిగిన ఒక పెళ్లినీ తీసుకుని నవల రాయడానికి నీవు ఉద్యోగానికి సెలవు పెట్టావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు, మన ఇంటి పిల్ల ఇంత పనికి పూనుకున్నదని పొంగిపోయాను. కథ సంగతి విన్న తరువాత మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక వారపత్రికలో ఇతరుల నవలలను అచ్చుకు సిద్ధం చేస్తూ ముసలిదాన్నయ్యాను కనుక, అడగకపోయినా నాలుగు మాటలు చెబుతున్నాను.

రోజూ కొంత రాయి, రాసినది కొన్నాళ్లు పక్కన పెట్టి చదువుకో, ఆనాటి పత్రికలు తిరగెయ్యి. ఇవి నీకు తెలిసినవే.

చట్టం విషయంలో మాత్రం పొరపడకు. బాల్యవివాహాలను అడ్డుకోవడానికి తెచ్చిన శారదా చట్టం 1929లో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. పెళ్లినాటికి ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండాలన్నారు. యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండడంతో ఈ బ్రిటిష్ చట్టం అక్కడ చెల్లేది కాదు, అందుకే పెళ్లివారు అక్కడికి పరుగెత్తారు, ఆ ఊరికి కల్యాణపురమన్న పేరు కూడా వచ్చింది. చట్టాన్ని మీరినవారికి జైలు, జరిమానా ఉండేవి గాని, జరిగిన పెళ్లి చెల్లకుండా పోయేది కాదు. కాబట్టి నీ కథలో పినతండ్రి పెళ్లి రద్దు చేయిస్తానని బెదిరించడం కుదరదు. అతని చేతిలో ఉన్నది ఫిర్యాదు ఒక్కటే; యానాం పెళ్లి మీద అది నిలిచినా నిలవకపోయినా, బెదిరింపుకు అది చాలు.

మరొకటి. వైశాఖంలో పెళ్లివారిని కాలువ పడవలో తీసుకువెళుతున్నావట! ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారని డెల్టాలో పుట్టినదానివి నీవే మరిచిపోతే ఎలా? ఎడ్లబండ్ల మీద ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక రేవుకు చేర్చి, అక్కడ పడవలో గౌతమిని దాటించు.

రహస్యమంటే ఊరిలో ఎవరికీ తెలియనిదని నీవు అనుకుంటున్నట్లున్నావు. పిల్ల సమర్తాడక ముందే పెళ్లి చేయకపోతే బ్రాహ్మణ కుటుంబాలను వెలివేస్తారన్న రోజులలో, చట్టం చెప్పిన 14 ఏళ్లు నిండే దాకా ఆగడానికి తల్లిదండ్రులు భయపడ్డారు. ఒకవేళ పిల్ల ముందే సమర్తాడితే ఆ సంగతి తల్లి దాచిపెట్టేది, బట్టలు ఉతికే చాకలి మనిషికి తెలిసేది, ఆమె కడుపులో పెట్టుకునేది. పొరుగింటి ఆడవాళ్లు ఊహించి కూడా పెదవి విప్పేవారు కాదు. ఆ ఊరంతా కలిసి మోసిన బరువును రాయి. ప్రేమ కూడా పెళ్లికీ కాపురానికీ మధ్య గడిచిన ఆ ఏళ్లలోనే ఉంటుంది: పుట్టింట్లో ఉండిపోయిన పిల్ల, పండుగకు వచ్చి మామగారితో మాత్రమే మాట్లాడి వెళ్లే భర్త, తలుపు చాటు నుంచి వినడం. తోటలో చేతులు పట్టుకుని మాట్లాడుకునే ఘట్టం నీకెంత ఇష్టమైనా తీసివెయ్యి.

ఇక నా గుండెలో ఉన్న మాట. మా పత్రికకు ఒకాయన సరిగ్గా ఇటువంటి కథనే ధారావాహికగా రాశాడు. మంచి చెయ్యి ఆయనది. పేర్లు మార్చాడు, ఊరు మార్చాడు, పెళ్లి జరిగిన ఏడు కూడా మార్చాడు. కాని నాయిక ప్రతి మాట చివరా “పోనిస్తురూ” అనడం అలాగే ఉంచేశాడు. అది ఆయన పెద్దమ్మగారి అలవాటు. ఆ మాట అంత తీయగా పలికే మనిషి ఆ తాలూకాలో మరొకరు లేరట. నాలుగో వారానికే బంధువులు గుర్తుపట్టారు. అప్పటికి ఆవిడ బతికే ఉంది, భర్తా ఉన్నాడు. అరవై ఏళ్లుగా ఆయనకు తెలియని సంగతిని మనుమరాలు పత్రిక పట్టుకుని వరండాలో పైకి చదివింది. ఆయన ఏమీ అనలేదట. ఆవిడ మాత్రం అటు తరువాత పేరంటాలకు వెళ్లడం మానేసింది. “నేను అబద్ధం ఒక్కటీ రాయలేదు” అని రచయిత మా ఆఫీసులో కూర్చుని వాదించాడు. నిజమే, రాయలేదు. కాని కథకు కావలసినది ఆ దాపరికం, ఆ ఊతపదం కాదు. దానిని వదిలిపెట్టి ఉంటే నవలకు వచ్చే లోటేమీ లేదు. ముచ్చటపడి ఉంచుకున్నాడు. రాసేవాళ్లు తమకు ప్రియమైనవారిని పట్టించేది ఎక్కువగా ఇటువంటి ముచ్చట వల్లనే.

కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. మీ నాయనమ్మ పెళ్లి యానాంలో జరిగిందని నీకు తెలుసు. అంత హడావిడిగా ఎందుకు జరిగిందో మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు. అమ్మ నాకు చెప్పింది. దానిని ఉత్తరంలో పెట్టను. దసరాకు నీవు వస్తే కూర్చోబెట్టి చెబుతాను, నీ నాయికకు ఏమి కావాలో తీసుకో; అమ్మ నడకనూ, ఆవిడ కాఫీ కలిపే తీరునూ, ముక్కుపుడకనూ మాత్రం ముట్టుకోవద్దు. మొదటి ప్రకరణాలు కాస్త పెద్ద అక్షరాలలో అచ్చు తీసి, మీ నాన్నకు చూపించక ముందే నాకు పంపించు.

ఇట్లు,
నీ మేనత్త