హైస్కూలు చిహ్నంలో దీపం కింద ఉండే ‘తమసో మా జ్యోతిర్గమయ’కు అర్థం ఏమిటి?

హైస్కూళ్ల చిహ్నాల్లో దీపం కింద కనిపించే ఈ వాక్యానికి ‘చీకటి నుంచి నన్ను వెలుగులోకి నడిపించు’ అని అర్థం. ఇది బృహదారణ్యకోపనిషత్తులోని ప్రార్థన. అక్కడ చీకటి అంటే మృత్యువని, వెలుగు అంటే అమృతమని వివరణ ఉండగా, విద్యాలయాలు ఆ రెంటినీ అజ్ఞానానికి, జ్ఞానానికి గుర్తులుగా స్వీకరించాయి. దీపం ఆ అర్థానికే బొమ్మ.

చొక్కా జేబు మీది బ్యాడ్జీలో చోటు చాలక ‘తమసోమా’ అని కలిపి కుట్టినప్పుడు అసలు చిక్కు వస్తుంది. దానిని విడదీస్తే తమసః అంటే చీకటి నుంచి, మా అంటే నన్ను, జ్యోతిః అంటే వెలుగుకు, గమయ అంటే చేర్చు.

ఇందులోని ‘మా’ను చాలామంది తెలుగు ‘మా’ అనుకొని ‘మా చీకటి’ అని చెబుతారు, అది పొరపాటు. అది సంస్కృతంలో ‘మామ్’ అనే పదానికి పొట్టి రూపం కాబట్టి, ఉదయం ప్రార్థనలో బడి అంతా ఒక్క గొంతుతో పలికినా అది ఏకవచనమే.