అమ్మ కోపం గురించి కూడా రాయవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నాన్నగారు 1969లో సైన్యంలో చేరి 1993లో హవల్దారుగా పదవీ విరమణ చేశారు. అమ్మ పోయి పది నెలలైంది. సంవత్సరీకం నాటికి ఆమె జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేయాలనుకున్నాం. అన్నయ్య రాసిన వ్యాసంలో అమ్మ ఓర్పుకు మారుపేరు, ఏనాడూ పల్లెత్తు మాట అనని సైనికుడి భార్య. నాకు తెలిసిన అమ్మ వేరు. మా ముగ్గురితో, మంచం పట్టిన నానమ్మతో విసిగిపోయేది, కొట్టేది. నాన్న ఇంటికి వచ్చేశాక రెండేళ్లు రోజూ గొడవలే. సైన్యంలో చేరతానన్న అన్నయ్యను "ఈ ఇంటి నుంచి ఒకరు చాలు" అని ఆపేసింది. ఇవి రాస్తానంటే "అమ్మ పరువు తీస్తావా?" అంటున్నాడు. నాన్న "నేను ఆమెకు చేసిందేమీ లేదు, ఏమీ రాయకండి" అంటూ గదిలోంచి బయటికి రావడం లేదు, సరిగా తినడం లేదు. బ్యాంకు ఖాతాలో అమ్మ పేరు తీయనివ్వడం లేదు. మనవలు ఒడియాలో చదువుకున్నారు, తెలుగు చదవలేరు. ఏం చేయమంటారు?

జవాబు: రాయండి. అన్నయ్యకు జవాబు చెప్పాలని మాత్రం రాయకండి. ఆ ఉద్దేశంతో కూర్చుంటే కాగితం మీదికి అమ్మ రాదు, మీ తగవు వస్తుంది.

"నాన్న దేశాన్ని కాపాడితే అమ్మ ఆయన గౌరవాన్ని కాపాడింది" అన్న అన్నయ్య వాక్యాన్ని ఉత్తరంలో ఎత్తి రాశారు. వినసొంపుగానే ఉంది. ఏ సైనికుడి భార్య ఫొటో కింద వేసినా సరిపోతుంది, చిక్కల్లా అదే. సైనికుల ఇళ్లలో ఇల్లాలిని తలుచుకునేటప్పుడు ఆయన ఏ సరిహద్దులో ఉన్నారో, ఏ పతకం వచ్చిందో వివరంగా చెప్పి, ఆమె "సహకరించింది" అని ఒక్క మాటతో సరిపెడతారు. ఆ సహకారం తెల్లవారుజామున ఎన్నింటికి మొదలయ్యేదో ఎవరూ రాయరు.

సరిహద్దుల్లాంటి చోట్ల వేసే ఫీల్డు పోస్టింగుకు కుటుంబాన్ని తీసుకువెళ్లే వీలుండదు. కుటుంబంతో ఉండగలిగే పీస్ స్టేషన్‌కు మారినా క్వార్టరు దొరకాలి. అది దొరికేలోగా పిల్లల చదువో, అత్తగారి జబ్బో అడ్డం వస్తుంది. మీ అమ్మకు భర్తతో కలిసి ఉండే భాగ్యం సికింద్రాబాద్ క్వార్టరులో మూడేళ్లేనని రాశారు. మిగతా కాలమంతా మనియార్డరు మీద ఇల్లు నడిపింది. నానమ్మకు పక్క మార్చడం, కౌలు గింజలు కొలిపించుకోవడం, బడికి వెళ్లి మాస్టారితో మాట్లాడటం, అల్లుణ్ని వెతకడం కూడా ఆమె వంతే. ఇవన్నీ పేరు పేరునా రాయండి. మనియార్డరు ఎంత వచ్చేదో, అది నెలలో ఏ తేదీకి అయిపోయేదో తెలిస్తే అదీ రాయండి.

నాన్న శాంతి సేనతో శ్రీలంక వెళ్లిన సంగతి మీరు రెండు వాక్యాల్లో దాటేశారు. అక్కడ ఆగాలి. 1987లో అక్కడికి వెళ్లిన భారత శాంతి సేన పూర్తిగా తిరిగి వచ్చింది 1990 మార్చిలో. వెయ్యిమందికి పైగా మన జవాన్లు అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నారు. మీ ఇంట్లో ఫోను లేదు. నాన్నకు రాసే ఉత్తరం మీద ఊరి పేరు ఉండేది కాదు, అంకెలూ ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) అన్న అక్షరాలూ తప్ప. ఆయన రాసిన "క్షేమం" ఇల్లు చేరేసరికి పాతబడిపోయేది. టెలిగ్రాం మనిషిని వీధి చివర చూస్తే అమ్మ చేతిలో పని వదిలేసేదని మీరే అన్నారు. అలాంటి ఒక సాయంత్రం, లెక్క తప్పు చేసిన తొమ్మిదేళ్ల పిల్ల వీపు మీద దెబ్బ పడింది. ఆ దెబ్బ న్యాయమని నేను అనను. మీకు తగిలింది నిజమే, ఆమె భయమూ నిజమే. రెండింటినీ ఒకే పేజీలో రాయండి, ఒకదానితో ఇంకొకదాన్ని కొట్టివేయకుండా.

ఇక 1993 తరువాతి గొడవలు. సైనికుల ఇళ్లలో నేను చాలాసార్లు విన్న కథే ఇది. నలభై దాటిన మనిషి ట్రంకు పెట్టెతో ఇంటికి వస్తాడు. ఆ ఇల్లు అప్పటికే ఆయన లేకుండా నడవడం నేర్చుకుని ఉంటుంది. చెప్పులు వరుసగా లేవనీ, భోజనం వేళకు కాలేదనీ ఆయన కేకలు వేస్తే ఆమెకు ఒళ్లు మండదా? అన్నేళ్లు తాళంచెవులు కొంగుకు కట్టుకున్న మనిషి వాటిని అంత తేలిగ్గా విప్పి ఇవ్వదు. ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా మీ అమ్మ పక్షం.

అన్నయ్యను ఆపిన సంగతి మాత్రం వేరు. అది ఆయన జీవితం కూడా. ఈనాటికీ జనవరి 26 పరేడ్ అయ్యేదాకా టీవీ ముందు నుంచి లేవడని రాశారు. అమ్మ సైన్యాన్ని చూసి మురిసిపోయిందని రాసుకోవడం ఆయనకు ఎందుకు అవసరమైందో కొంచెం ఆలోచించండి. ఆ ఒక్క సంగతీ అచ్చు వేయవచ్చా అని ఆయనను అడగండి. వద్దంటే వదిలేయండి. మిగతా వాటికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పుస్తకంలో ముందు ఆయన వ్యాసం వేయండి, తరువాత మీది, కింద ఎవరి పేరు వారిది. ఒకే తల్లిని ఇద్దరు పిల్లలు ఒకలాగే చూసి ఉండాలన్న నియమం లేదు.

భాష గురించి బెంగ పెట్టుకోకండి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పటి నుంచి మీ ఊళ్లో తెలుగు ఇంట్లోనూ ఒడియా బడిలోనూ ఉన్న కుటుంబాలకు కొదవ లేదు. మనవలను వాళ్ల మామ్మ గురించి ఒడియాలోనే రాయమనండి. సరిహద్దుకు ఇవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచి అమ్మ తెలుగు వాచకం తెప్పించి మనవరాలి చేత అఆలు దిద్దించబోయి, చివరికి తనే ఒడియా అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుందని రాశారు చూడండి, నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా నచ్చింది ఆ ముచ్చటే. దాన్ని ఆ అమ్మాయే రాయాలి. మీ తెలుగు వ్యాసాన్ని మీరు చదివి వినిపించండి. చదవలేకపోయినా వాళ్లకు అర్థమవుతుంది కదా.

ఇక నాన్నగారు. "ఏమీ చేయలేదు" అంటున్న మనిషిని "ఎంతో చేశారు నాన్నా" అని ఓదార్చకండి, ఆయన నమ్మరు. "అమ్మ గురించి చెప్పండి" అని అడిగినా మౌనమే వస్తుంది. సైనికులు ఏళ్లను పోస్టింగులతో గుర్తుపెట్టుకుంటారు, ఆ దారిలోనే వెళ్లండి. సెలవు మీద వచ్చినప్పుడు నౌపడా స్టేషనుకు ఎవరు వచ్చేవారు? అక్కడి నుంచి చిన్న రైల్లో ఇంటికి వస్తూ ఏం మాట్లాడుకునేవారు? సికింద్రాబాద్ క్వార్టరులో మొదటి రోజు వంట ఏమిటి? అమ్మానాన్నల ఉత్తరాల పెట్టె ఆయన తెరిస్తేనే చూడండి. వాటిలో ఒక్క ముక్క అచ్చు వేయాలన్నా ఆయన ఒప్పుకోవాలి.

బ్యాంకుకూ సైన్యం రికార్డు ఆఫీసుకూ మరణ ధృవపత్రం నకలు పంపి తెలియజేయడం ఎలాగూ తప్పదు. ఆ దరఖాస్తు మీరు నింపేసి సంతకం పెట్టమనకండి. ఆయననే రాయనివ్వండి, బ్యాంకుకు మీరూ తోడు వెళ్లండి. నవంబరులో పింఛను కోసం జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి ఎటూ కదలాలి కనుక ఆ వంకతో బయలుదేరదీయవచ్చు.

అయితే డెబ్బై దాటిన మనిషి పది నెలలుగా సరిగా తినకపోవడం, గదిలోంచి రాకపోవడం, తనను తాను నిందించుకోవడం, ఈ మూడింటినీ కలిపి చూస్తే నాకు ఉత్త దుఃఖంలా అనిపించడం లేదు. పెద్దవయసులో కుంగుబాటు ఇలా కూడా కనిపిస్తుంది, దానికి చికిత్స ఉంది. ఆయన మాజీ సైనికుల వైద్య పథకం కార్డు ఉంటే ఆ పాలీక్లినిక్‌లో చూపించండి, లేకపోతే బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి మీరు కూడా సలహా అడగవచ్చు. "నేనూ పోతే బాగుండు" అన్న మాట ఆయన నోట వస్తే ఒంటరిగా వదలకండి, ఆ రోజే తీసుకువెళ్లండి. పుస్తకం ఒక నెల ఆలస్యమైతే ఎవరూ ఏమీ అనుకోరు, డాక్టరు దగ్గరికి మాత్రం ఈ వారంలోనే వెళ్లండి.