ఒకరు అప్‌లోడ్ పెడితే అందరి కాల్స్ ఆగుతున్నాయి: జవాబు

ఎనిమిది మంది వాడే వైఫైలో ఒకరు ఫొటోల బ్యాకప్ పెట్టగానే మిగతావాళ్ల వీడియో కాల్స్ తెగిపోతున్నాయని, ప్లాన్ 100 ఎంబీపీఎస్‌కి పెంచినా అదే తీరని రాశారు కదండీ. ఇంకా పెంచినా ఒరిగేదేమీ ఉండదు. మీ లక్షణాలు చూస్తే నిండిపోతున్నది డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్.

ముందు రూటర్‌కి కేబుల్‌తో కలిపిన కంప్యూటర్‌లో 8.8.8.8కి (గూగుల్ సర్వర్ చిరునామా) పింగ్ పెట్టి, అంటే చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతోందో కొలిచే కమాండ్ నడిపి, వదిలేయండి. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు 20 మిల్లీసెకన్ల దగ్గరుండి, బ్యాకప్ మొదలవగానే 400, 500కి ఎగబాకితే దొంగ దొరికినట్టే. బఫర్‌లో, అంటే బయటికి వెళ్లాల్సిన డేటా వంతు కోసం ఆగే చోట, బ్యాకప్ ప్యాకెట్లు (డేటా ముక్కలు) బారులు తీరి, కాల్ ప్యాకెట్లు వాటి వెనక ఇరుక్కుంటున్నాయి. బఫర్‌బ్లోట్ అనేది దీన్నే.

దీనికి మందు ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్), అంటే ఆ బారుని రూటరే తెలివిగా నడిపే ఏర్పాటు. రూటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఉంటే ఆ ప్యాకేజీ వేసి, క్యూ పద్ధతిగా కేక్ ఎంచుకోండి. స్పీడ్ టెస్టులో అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ వస్తే ఎస్‌క్యూఎంలో 18 అని పెట్టండి. ఆ రెండు ఎంబీపీఎస్‌లూ ఎందుకు వదులుకోవాలంటే, క్యూ మోడెమ్‌లో కాకుండా మీ రూటర్ అదుపులో ఉండాలి కాబట్టి. డౌన్‌లోడ్‌కీ ఇదే లెక్క. పాత రూటర్ ప్రాసెసర్ లాగలేకపోతే కేక్ బదులు ఎఫ్‌క్యూ-కోడెల్ వాడండి, కాస్త తేలిక. మనిషికింత అని లిమిట్లు పెట్టే జోలికి మాత్రం పోకండి. లైన్ ఖాళీగా ఉన్నా ఎవరికీ పూర్తి స్పీడు దక్కదు, పైగా రోజూ తగాదాలు.

కేబుల్ మీద పింగ్ నిలకడగా ఉండి వైఫైలోనే ఎగిరితే కథ వేరు. బలహీనమైన సిగ్నల్‌తో మూలనున్న ఒక్క ఫోనే గాలిలో సమయమంతా తినేస్తుంది. కుదిరినవాళ్లని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్లలో రద్దీ తక్కువున్నది చూసి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి.

రెండు పింగ్ అంకెలూ, రూటర్ మోడలూ ఇక్కడే రాయండి, మిగతాది చూద్దాం.